గుటకకు ముందు

మా వారికి అన్నం ముందు కూర్చోవడమంటే పూజ ముందు కూర్చున్నట్టే. విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, కుడి అరచేతిలో ఉద్ధరిణెడు నీళ్ళు పోసుకుని, పెదవులు కదిపీ కదపనట్టు మంత్రం చెప్పుకుని, ఆ నీళ్ళు లోపలికి తీసుకుంటారు. ఆపోశన అంటాం. ఆ తరవాతే మెతుకు. కొలిమి ముందు కూర్చుని బంగారం పని చేసిన రోజుల్లో, బేరగాళ్ళు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నా ఆయన ఇది మానలేదు. పక్షవాతం వచ్చి గొంతు పడిపోయి, ముక్కులోంచి గొట్టం వేసి జావ పోస్తున్నప్పుడు కూడా కుడిచెయ్యి దొన్నెలా ముడిచి పెదవులు కదిపేవారు. నర్సు చూసి నీళ్ళడుగుతున్నారనుకునేది.

అలాంటి మనిషికి మళ్ళీ నోటితో అన్నం తినే యోగం పట్టింది గుటక వల్ల. అది దవడ కింద చర్మంలో అమర్చిన కందిబద్దంత పరికరం. నాలుక కదలికను పసిగట్టి గొంతులో కండరాలను వరసగా తట్టి లేపుతుంది. గాలి దారి మూసుకోవాలి, అన్నం దారి తెరుచుకోవాలి, మళ్ళీ గాలి దారి తెరుచుకోవాలి. మనకు తెలియకుండా జరిగిపోయే ఈ పనంతా దాని లోపలున్న ప్రోగ్రాం చేయిస్తుంది. మనిషి మనిషికీ ఒక ప్రోగ్రాం. కాకినాడలో సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న ప్రయోగశాలలో దాన్ని తయారు చేశారు. మా అమ్మాయి ప్రసూన ఉద్యోగం అక్కడే.

ఆ రోజు ముద్దపప్పు, వంకాయ కూర. ఆయన అరచేతిలో నీళ్ళు పోసుకున్నారు. పెదవులు కదిలాయి. మంత్రం సగంలో ఉండగా ఆయన కంఠమణి చటుక్కున పైకి లేచి దిగింది. నోట్లో ఏమీ లేకుండానే గుటక పడింది. ఆయన కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూశారు. మంత్రం మధ్యలో ఆపడం ఇష్టం లేక పూర్తి చేసి నీళ్ళు నోట్లోకి తీసుకున్నారు. అప్పటికి గాలి దారి తెరుచుకుని ఉంది.

అలాంటి దగ్గు నేను ఎన్నడూ వినలేదు. మొహం నల్లబడిపోయింది. విస్తరి కాలికి తగిలి పప్పంతా నేలపాలయింది. వీపు మీద చరుస్తూ, "ఏవండీ, ఏవండీ" అనడం తప్ప నాకు ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు.

ఆసుపత్రిలో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయన్నారు. మళ్ళీ గొట్టం వేశారు. వరండాలో బల్ల మీద ప్రసూన మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. జుట్టంతా రేగిపోయి ఉంది. నాకు ఏం చెయ్యాలో తోచక సంచీలోంచి దువ్వెన తీసి దాని వెనకాల కూర్చున్నాను.

"వద్దమ్మా. ఇప్పుడు దువ్వెన పేరెత్తకు."

"ఏమ్మా?"

"నిన్ననే నాన్న ప్రోగ్రాముని దువ్వాం."

ఆ దువ్వెన సంగతి నాకు కొంత తెలుసు. అది ప్రసూనే పూనుకుని తెచ్చిన పనిముట్టు. ప్రయోగశాలలో ఒక్కొక్కళ్ళు ఒక్కొక్క తీరులో ప్రోగ్రాం రాస్తారట. ఒకరు పేర్లు పొడుగ్గా పెడతారు, ఒకరు పొట్టిగా. ఒకరు ముందు చెప్పాల్సింది వెనక చెబుతారు. ఫణి అనే కుర్రాడు ఉండేవాడు. మంచి చురుకైనవాడు గాని, వాడు రాసింది వాడికి తప్ప ఎవరికీ బోధపడేది కాదు. వాళ్ళ పెద్ద ఇందుమతి గారు, "ఫణి రాత తలరాత లాంటిది, జరిగాక గాని తెలీదు" అని నవ్వేవారట.

నవ్వులాట ఎన్నాళ్ళో సాగలేదు. కూర్మయ్య గారని ఒక బడిపంతులికి ఫణి రాసిన ప్రోగ్రాంలో చిన్న మార్పు చెయ్యాల్సి వచ్చింది. ఫణి ఊళ్ళో లేడు. వేరే వాళ్ళు చదివి, అర్థమయిందనుకుని మార్చారు. అర్థం కాలేదు. కూర్మయ్య గారు ఇడ్లీ ముక్క అడ్డుపడి పోయారు. ఫణి ఉద్యోగం మానేసి పుణె వెళ్ళిపోయాడు.

అప్పుడు పుట్టింది దువ్వెన. ఎవరు ఎలా రాసినా దాన్ని ఒకే తీరులోకి తెస్తుంది. మనుషులు తీరిక చేసుకుని చెయ్యాల్సిన పని లేదు, దానంతటదే చేస్తుంది. మొదట్లో ఖాళీలూ వరసలూ మాత్రమే సర్దేది. తరవాత దానికి తెలివి పెంచారు. ఒకే పని చేసే ముక్కలను ఒకే అచ్చులో పోస్తుంది, పని చెయ్యని ముక్కలను తీసేస్తుంది. రూపం మారుతుంది గాని అర్థం మారదని ప్రసూన మా వంటింటి గుమ్మంలో నిలబడి ఎంత సంబరంగా చెప్పిందో!

నాకూ అది సబబుగానే తోచింది. మా అత్తగారు అలాంటి మనిషే. ఉప్పు జాడీ ఎక్కడుండాలో, గరిటె ఏ మేకుకి వేలాడాలో ఆవిడ పెట్టిన పద్ధతి తప్పితే ఊరుకునేవారు కాదు. కొత్తలో ఏడ్చాను. ఒకసారి దీపం ఆరిపోతే చీకట్లో చెయ్యి చాచగానే ఉప్పు అందింది. అప్పటినుంచి ఆవిణ్ణి ఏమీ అనలేదు.

ఆయనకు జ్వరం తగ్గాక ప్రసూనతో కలిసి నేనూ ప్రయోగశాలకు వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడవబోతే అక్కడి వాళ్ళు, "ఫరవాలేదండీ, వేసుకునే రండి" అన్నారు. లోపల ఒక గాజు పెట్టెలో బొమ్మ గొంతు ఉంది. గులాబీ రంగు రబ్బరుతో నాలుక, కొండనాలుక, రెండు దారులు. ఆ మనిషి అక్కడ తిన్నప్పుడు తీసిన రికార్డు పెట్టి, దువ్వక ముందొకసారి, దువ్విన తరవాతొకసారి ప్రతి ప్రోగ్రాముని దాని మీద నడుపుతారు. రెండుసార్లూ గొంతు ఒకేలా మింగితే అర్థం మారనట్టే.

"చూడండి భ్రమరాంబ గారూ" అని ఇందుమతి గారు మీట నొక్కారు. రబ్బరు నాలుక నీళ్ళందుకుంది, మింగింది. ముద్ద అందుకుంది, మింగింది. "దువ్వక ముందు ఇంతే, దువ్వాక ఇంతే. పిసరు తేడా లేదు."

ప్రసూన తెర ముందు కూర్చుని పాత ప్రోగ్రాం తీసింది. ఫణి రాసింది. నాకు ఆ అక్షరాలు తెలియవు గాని చూడ్డానికే తెలిసిపోయింది, సంతలో పరిచిన సామాన్లలా ఉంది. చాలాసేపటికి ఒకచోట దాని వేలు ఆగింది.

"ఇదిగోండి మేడమ్. నాలుక కదులుతున్నా వెంటనే మింగొద్దు, పెదవులు కదలడం ఆగేదాకా కాచుకో అని ఉంది. మనం పరీక్ష పెట్టినప్పుడు ఒక్కసారి కూడా ప్రోగ్రాం ఈ దారిన నడవలేదు. అందుకని దువ్వెన దీన్ని పనికిరాని ముక్క అనుకుంది. తీసేసింది."

"ఎందుకు నడవలేదూ? మీ నాన్నగారి భోజనాన్ని ఇక్కడే రికార్డు చేశాం కదా, ఇదే బల్ల మీద?"

ప్రసూన నా వైపు తిరిగింది. నాకు అప్పటికే అర్థమయింది. ఆయన ఇక్కడ తిన్నది పెరుగన్నమే, కానీ ఆపోశన పట్టలేదు. అందరూ చెప్పులతో తిరిగే చోట, బల్ల మీద, స్టీలు చెంచాతో తిన్నది ఆయన లెక్కలో భోజనమే కాదు. "అది మందు పుచ్చుకోవడం లాంటిదే" అన్నారు ఆవేళ ఇంటికొచ్చి.

ఫణి మాత్రం మా ఇంటికి వచ్చాడు. పరికరం అమర్చిన కొత్తలో ఆయన పక్కనే పీట వేసుకుని భోంచేశాడు. ఆయన పెదవుల వైపే చూస్తూ, "ఏంటండీ బాబాయ్ గారూ, అన్నంతో ఏదో రహస్యం చెబుతున్నారు?" అని అడిగి నవ్వించాడు. వెళ్ళి ఆ ముక్క రాసుంటాడు. ఎందుకు రాశాడో పక్కన చెప్పాలని తోచలేదు వాడికి. కూర్మయ్య గారిని తీసుకుపోయిన చెయ్యే మా ఆయన్ని ఇన్నాళ్ళూ కాచింది. ఈ సంగతి ఏ దేవుడి ముందు పెట్టి అడగాలో నాకు తెలియలేదు.

"చిక్కనుకుని కత్తిరించేశామమ్మా" అంది ప్రసూన. "అది కావాలని వేసిన ముడి."

"ఆ ఒక్క ముక్క చుట్టూ కంచె వేసి, ఇక్కడ దువ్వొద్దని రాసేస్తాను మేడమ్" అని ఇందుమతి గారి వైపు తిరిగింది.

ఇందుమతి గారు తల అడ్డంగా తిప్పారు. "ఇవాళ నువ్వు వేస్తావు. రేపు ఇంకొకరు. ప్రతివాళ్ళకీ తమ రాత ముద్దే. కంచెల వెనకాల ఏముందో ఎవరూ చదవరు. మళ్ళీ కూర్మయ్య గారు. ఆయన భార్య ముందు నిలబడి మాట్లాడింది నేను, నువ్వు కాదు." తరవాత నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "ఏమీ అనుకోకండి. ఆయన్ని ఆ మంత్రం మనసులో చెప్పుకోమనండి. పెదవులు కదపకుండా. దేవుడికి వినపడదా?"

వినపడుతుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇంటికొచ్చి ఆయనతో అదే చెప్పాను.

ఆయన కాదనలేదు. మర్నాడు విస్తరి ముందు కూర్చుని, నీళ్ళు పోసుకోకుండా ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. గుటక చక్కగా పడింది. రెండో ముద్దా దిగింది. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు.

"అదేంటండీ, అప్పుడే?"

"చాల్లేవే. గొంతు దిగుతోంది. అన్నం తిన్నట్టు లేదు."

రోజురోజుకీ ఆ నాలుగూ మూడయ్యాయి. మెడ ఎముకలు పైకొచ్చాయి. నేను లోపల్లోపల కొట్టుమిట్టాడాను. విస్తరి ముందు ఆగడంలో ఉన్నది దేవుడా, అలవాటా? అలవాటైతే పోనిమ్మనొచ్చు కదా? రూపం వేరు అర్థం వేరు అంటారు, నిజమే అయితే రూపం తీసేయగానే ఈ మనిషికి ఆకలి ఎందుకు చచ్చిపోయింది? తులసికోట దగ్గర నిలబడితే ప్రదక్షిణాల లెక్క తప్పేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ప్రసూన మా మీద విరుచుకుపడింది. "నువ్వెందుకు మానేశావు నాన్నా? తప్పు మాది. మా తప్పుకి నువ్వు సర్దుకోవడమేంటి?"

"నీ ఉద్యోగానికి మాటొస్తుందని."

"నా ఉద్యోగం నీచేత అన్నం తినిపించడమే!"

అని కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. దాని గొంతు మారింది.

"నాన్నా, ఒక దారుంది. దువ్వెనది తప్పు కాదు. నువ్వు మంత్రం చెప్పుకుంటావని బొమ్మ గొంతుకి తెలీదు. తెలిస్తే ఆ ముక్క పనికొచ్చేదేనని దువ్వెనే చూసుకుంటుంది. కంచె అక్కర్లేదు. కానీ తెలియాలంటే నువ్వు అక్కడికొచ్చి, వైర్లు పెట్టించుకుని, నిజంగా ఆపోశన పట్టాలి."

"ఇప్పుడున్న గుటకతోనేనా?" అన్నాన్నేను.

"దాంతోనే అమ్మా. కండరాలు ఎక్కడ తప్పుతున్నాయో నమోదవ్వాలి. నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకుని డాక్టరు పక్కనే ఉంటారు. అయినా..."

ఆ అయినా తరవాత ఏముందో ముగ్గురికీ తెలుసు. ఇంకోసారి నీళ్ళు లోపలికి పోతే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవని ఆసుపత్రిలో చెప్పే పంపారు.

ఆయన చాలాసేపు అరచేయి చూసుకున్నారు. "మంత్రం చెప్పాల్సిన చోట చెప్పులుండకూడదమ్మా. అంతే నేనడిగేది."

నేను ఇంటి నుంచి పీట, విస్తరి, రాగిచెంబు పట్టుకెళ్ళాను. ప్రయోగశాల గచ్చు తడిగుడ్డతో తుడిచాను. ఇందుమతి గారు గుమ్మంలో నిలబడి చూశారు. చెప్పులు బయట విడిచి వచ్చారు. ఆవిడ వెనకాల మిగతావాళ్ళూ.

ఆయన మెడ నిండా వైర్లు. నీళ్ళు తిప్పారు. అరచేయి ముడిచారు. పెదవులు కదలగానే కంఠమణి ఎగిరింది. ఉత్త గుటక. తెర మీద ఎర్ర గీత లేచింది. ఆయన ఆగలేదు. చివరి మాట దాకా చెప్పి, నా వైపు ఒకసారి చూసి, నీళ్ళు తీసుకున్నారు.

దగ్గు వచ్చింది. డాక్టరు ముందుకు వంగాడు. ప్రసూన కుర్చీలోంచి లేవలేదు. దాని చేతులు బల్ల అంచుని పట్టుకున్న తీరు చూసి, లేవకుండా ఉండడానికి అలా పట్టుకుందని తెలిసింది. ఆయన మొహం ఎర్రబడింది, నల్లబడలేదు. గొట్టంతో నీళ్ళు లాగేశారు. ఊపిరి నిలబడ్డాక ఆయన అన్న మొదటి మాట, "చాలా, ఇంకోసారి కావాలా?"

"చాలు నాన్నా" అంది, అప్పుడు ఏడ్చింది.

బొమ్మ గొంతు మంత్రం నేర్చుకుంది. మాటలు కాదు, ఆ కదలిక, ఆ ఆగడం. కొత్తగా దువ్విన ప్రోగ్రాంలో ఆ ముక్క నిలిచింది, శుభ్రంగా, ఎవరు చదివినా తెలిసేలా. మా ఇంట్లో మళ్ళీ విస్తరి ఖాళీ అవుతోంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఒక మధ్యాహ్నం, సరిగ్గా మా వారు అరచేతిలో నీళ్ళు పోసుకునే వేళకి, బుర్రమీసాల మనిషి ఒకాయన గేటు తీసుకుని వచ్చాడు. సామర్లకోట నుంచట, పేరు సత్తిరాజు, లారీ నడిపేవాడట. దవడ కింద మా వారికున్న గుర్తే ఉంది.

"సోమలింగాచారి గారంటే తవరేనాండీ? మీ మంత్రం నా గొంతులోకెందుకొచ్చిందో అడుగుదామని వచ్చానండి."

మా వారు తెల్లబోయారు. సత్తిరాజు అరుగు మీద కూలబడ్డాడు. "నేను మాటాడతా తినే మనిషినండీ బాబూ. టీ కొట్టు కాడ గ్లాసు పట్టుకుని ఊసులాడుకోపోతే నాకు పొద్దు గడవదు. మొన్నేదో కొత్తది ఎక్కించారండి. అప్పట్నించీ నోరు కదులుతుంటే గొంతు దిగదు. నోరు మూసుకుంటేనే టీ. అడిగితే ఎవరో ఆచారి గారి పద్ధతండీ, అందరికీ ఒకటే పెట్టామండీ అన్నారు. మా ఆవిడ మాత్రం కొబ్బరికాయ కొట్టిందండి, ఇన్నాళ్ళకి ఇంట్లో సందడి తగ్గిందని!"

నాకు నవ్వొచ్చింది. మా వారి మొహం చూసి ఆగిపోయింది. సత్తిరాజు కూడా నవ్వడం లేదు.

"కొట్టు కాడికెళ్ళడం మానేశానండి" అన్నాడు, చిన్నగా.

ప్రసూన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, పెరుగు గిన్నె చేతిలో. "ఒక్కళ్ళకి వేరుగా ఉంచనన్నారు మేడమ్. ఉంచితే అందరికీ అన్నారు. నాన్నది నిలిస్తే చాలని... నేను ఒప్పుకున్నాను."

"తల దువ్వుకోడం మంచిదేనమ్మా" అన్నాడు సత్తిరాజు. "ఊరందరికీ ఒకేవైపు పాపిడి తీస్తానంటే ఎలాగ? నాది బట్టతలాయె!"

మా వారు అరచేతిలో పోసుకున్న నీళ్ళు చెంబులో వంచేశారు. "ప్రసూనా, నాది తీసెయ్. నా జపానికి ఇంకొకడి నోరు కట్టేయడం పాపం."

"నీదీ తియ్యను నాన్నా, ఆయన మాటా తియ్యను" అంది. గిన్నె కింద పెట్టి, తినకుండానే వెళ్ళిపోయింది.

ఇందుమతి గారితో ఎంత వాదించిందో నాకు తెలియదు. చివరికి ఒప్పందం ఇది. దువ్వెన ఉంటుంది, రాత అందరిదీ ఒకే తీరు. కానీ ఎవరి ప్రోగ్రాం దువ్వినా, ముందుగా ఆ మనిషి తినే చోటికి వెళ్ళి, తినే తీరు చూసి, బొమ్మ గొంతుకి అది నేర్పాలి. మొదట సామర్లకోట టీ కొట్టు. అక్కడ ప్రసూనకి కూడా టీ పట్టించి, సత్తిరాజు తన లారీ కథలన్నీ చెప్పాడట. తరవాత జగ్గంపేటలో చర్చి పక్క వీధి, ప్రార్థన చేసుకునే మేరమ్మ గారు. తరవాత ఒకాయన పేపరు గట్టిగా చదువుతూ తింటాడట. ఎండలో తిరిగి ప్రసూన నల్లబడింది. ఇంటికొచ్చి, "వాళ్ళింట్లో తినేశానమ్మా" అంటుంది.

అయితే దువ్వెన ఒక్క పూటలో చేసే పని ఇప్పుడు నెలలు పడుతోంది. గుటక కోసం కాచుకున్నవాళ్ళు ఎక్కువయ్యారు. ముక్కులో గొట్టాలతో, అన్నం వాసన చూస్తూ, ఎక్కడెక్కడో. ఇది న్యాయమా అని ఇందుమతి గారు నన్నే అడిగారు ఒకసారి ఫోనులో. ఆ మాట మా వారితో చెప్పాను.

ఈమధ్య మా వారి ఆపోశన కాస్త పొడుగైంది. మంత్రం అయిపోయాక కూడా పెదవులు కదులుతున్నాయి. నిన్న అడిగాను.

"ఏం చెప్పుకుంటున్నారండీ?"

"వరసలో ఉన్నవాళ్ళ గురించే. పేర్లు తెలీవు కదా, అందుకని ఆలస్యమవుతోంది."

అరచేతిలో నీళ్ళు అలాగే ఉన్నాయి. కూర చల్లారిపోతోంది. నేను తొందరపెట్టలేదు. ఆయన గొంతు కూడా తొందరపడలేదు, పెదవులు ఆగేదాకా కాచుకుంది.